మంచులో ఆగని బండి, మెదక్ వానలో ఆగింది

నేను మెదక్ వెళ్లడానికి అసలు కారణం లదాఖ్‌లో నేనెక్కిన ఒక టాక్సీ. రెండేళ్ల కిందట వేసవి సెలవుల్లో లేహ్ దాటి ఒక ఎత్తయిన కనుమ ఎక్కుతుంటే, వేళ కాని వేళ మంచు పడి ఆ టాక్సీ నడిరోడ్డు మీద మొరాయించింది. ముందూ వెనకా ఇంకా చాలా కార్లున్నాయి. అన్నీ కొత్తవే, ఒక్కటీ కదలదు. మూడు స్వెట్టర్ల మీద దుప్పటి కప్పుకుని, ఇంట్లోవాళ్ల మాట వినకుండా వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకుంటూ కూర్చున్నాను. అప్పుడు వెనక నుంచి ఆర్మీ ట్రక్కుల వరస ఒకటి వచ్చింది. చక్రాలకు ఇనుప గొలుసులు, ముక్కు మీద గోనెపట్టా, ఏమంత తొందర లేనట్టు ఒకే చప్పుడుతో ఎక్కుతున్నాయి. ముందున్న ట్రక్కు డ్రైవరు దిగి, మా టాక్సీకి తాడు కట్టి, మొండి మేకను లాక్కెళ్లినట్టు కనుమ అవతలికి లాక్కెళ్లి వదిలాడు. నేను థాంక్స్ చెప్పేలోపే వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఆర్మీ ట్రక్కంటే నాకు పిచ్చి అభిమానం.

ఇంటికొచ్చి ఆ సంగతి ఈ బ్లాగులో రాశాను. కొన్నాళ్లకు మెదక్ నుంచి కవిత అనే అమ్మాయి కామెంటు పెట్టింది. తర్వాత ఫోన్ కూడా చేసింది. "అక్కా, మా మామ గా బండ్లే నడిపిండు. ఆర్మీల డ్రైవర్. అసొంటి బండి ఒకటి మా ఇంటి పక్కనే నిలవడ్డది. చూస్తనంటే రాండ్రి. జర తొందరగ రాండ్రి అక్కా, మా మామ యాది మర్చిపోతుండు" అంది. ఆ ఆఖరి మాట నన్ను కదిలించింది. గుర్తులు పోయాక మనం వెళ్లి ఏం చేస్తాం? పోయిన కార్తీకంలో ఒక ఆదివారం బయల్దేరాను.

మెదక్‌కు హైదరాబాద్ నుంచి వెళ్లడం చాలా తేలిక. జూబ్లీ బస్ స్టేషన్‌లో పొద్దున్నే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నర్సాపూర్, కౌడిపల్లి మీదుగా రెండున్నర, మూడు గంటల్లో దింపేస్తుంది. మాకు, అంటే ఆడవాళ్లకు, ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్. మగవాళ్లకు రెండు వందల లోపే అవుతుంది. ఆదివారం సీటు దొరకాలంటే మాత్రం కొంచెం మొహమాటం తగ్గించుకోవాలి. నిజామాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లు రామాయంపేటలో దిగి మెదక్ బస్సు అందుకోవచ్చు. నర్సాపూర్ అడవి దాటేదాకా చల్లగా ఉంది. ఆ తర్వాత అంతా కోతల కాలం. రోడ్డులో సగం మీద వడ్లు ఆరబోసి, అవతలి సగంలో బస్సులూ ట్రాక్టర్లూ ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ పోతున్నాయి. మా డ్రైవరు ఒక్క గింజ కూడా తొక్కకుండా నడపడం చూసి ముచ్చటేసింది.

పది దాటాక మెదక్ బస్టాండులో దిగాను. దిగీ దిగగానే ఆటో అబ్బాయి ఒకడు ఎదురొచ్చి, "చర్చికా అక్కా?" అన్నాడు. కాదన్నాను. "మరి ఖిల్లాకా?" అన్నాడు. పాపన్నపేట రోడ్డులో మిలిటరీ యాదయ్య ఇంటికని చెప్పగానే వాడి మొహంలో నవ్వు తగ్గింది. "గా పెద్ద బండి ఉన్న ఇల్లా? తెలుసక్కా. కూసోండ్రి" అని, ఇంకో ముగ్గురు ఎక్కేదాకా ఆగి, ఇరవై రూపాయలకు తీసుకెళ్లాడు. దారిలో, "ఆ బండిని కొననీకి వచ్చిండ్రా? పాత సామాన్ల సేటు ఒకాయన అడిగితే ముసలాయన కట్టె తీసుకొని ఎంటవడ్డడు" అని జాగ్రత్త చెప్పాడు. చూడటానికే వచ్చానంటే, "చూసుడేముంది అక్కా, నడువని బండి" అన్నాడు.

నడవదని కవిత నాకు చెప్పలేదు. నేను ఆ బండెక్కి ఒక చుట్టు తిరగాలని ముచ్చటపడి వెళ్లినదాన్ని. కొంచెం చిన్నబుచ్చుకున్న మాట నిజం.

ఊరి చివర రేకుల ఇల్లు, పక్కన ఖాళీ ప్లాటు, అందులో ట్రక్కు. నేను ఊహించుకున్న ఆకుపచ్చ రంగు లేదు. మిలిటరీ రంగు బయటివాళ్లు వేసుకోకూడదు కాబట్టి వేలంలో కొన్నాక నీలం రంగు వేయించారట. గీతలు పడ్డచోటల్లా లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తోంది. టైర్లు నేలలోకి కొద్దిగా దిగాయి. కానీ అద్దాలు, దీపాలు, తలుపుల పిడులు అన్నీ మెరుస్తున్నాయి. నడవని బండిని ఎవరో రోజూ తుడుస్తున్నారన్నమాట.

యాదయ్య గారు అరుగు మీద కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. నున్నగా గీసుకున్న గడ్డం, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. కవిత నా గురించి చెప్పగానే, "లదాఖ్ పోయినవా బిడ్డా? ఏ తొవ్వల పోయినవ్?" అని మొదలుపెట్టారు. నేను టాక్సీ సంగతి చెప్పాను. "టాక్సీలు గట్లనే ఆగుతయి. గవి షోకుకు చేసిన బండ్లు" అని నవ్వారు. ఇక ఆయన్ని అడగాల్సిన పని రాలేదు.

"గాడ చలి ఎట్లుంటదో చెప్తె తెల్వది బిడ్డా. డీజిల్ పేరిన నెయ్యి లెక్క అయితది. ఇనుము ముట్టుకుంటే చెయ్యి అంటుకుంటది. బండిని రాత్రి ఎట్ల పండవెడ్తవో, పొద్దుగాల గట్ల లేస్తది. చంటిపిల్లను చూసుకున్నట్టు చూసుకోవాలె. ఇంజన్ మీద రగ్గులు కప్పుతుంటిమి. పొద్దుగాల ఇంజన్ ఆయిల్ చాంబర్ కింద స్టవ్ వెట్టి ఆయిల్ ఎచ్చ చేస్తుంటిమి. గప్పుడు గడ్డకట్టని మందు అన్ని బండ్లకు అందకపోతుండె. గందుకని పొద్దు గూకంగనే రేడియేటర్ల నీళ్లు మొత్తం దించాలె. దించకుంటే రాత్రి గడ్డ కట్టి ఇంజన్ పగుల్తది. పొద్దుగాల మంచు కరిగించి, మరగవెట్టి మళ్ల పోసుకోవాలె."

"మరి నీళ్లు లేవని తెలియక ఇంకొకరు స్టార్ట్ చేస్తే?" అని అడిగాను.

మంచి ప్రశ్న అడిగానన్నట్టు నా వైపు చూశారు. "గందుకే స్టీరింగ్‌కు గుడ్డ కట్టాలె. నీళ్లు దించినోడే కట్టాలె. గుడ్డ కనవడ్డదంటే ఇంకెవడూ సెల్ఫ్ కొట్టడు. జనరల్ సాబ్ చెప్పినా కొట్టడు" అన్నారు.

ఆయన చెప్పినవన్నీ రాస్తే ఈ టపా ముగియదు. కొండచరియలు విరిగిపడిన దారిలో గుడారాలు చేరవేసిన రోజు, మంచు తుఫానులో ముందు బండి వెనక దీపం ఒక్కటే చూసుకుంటూ గంటల తరబడి నడిపిన రోజు, నదిని నీళ్లలోనే దాటిన రోజు. ప్రతి కథా ఒకే మాటతో ఆగేది. "నా బండి నడితొవ్వల ఆగలే బిడ్డా. నా సర్వీసుల ఒక్కనాడు ఆగలే." ఆ మాట అన్నప్పుడల్లా చేతిని మోకాలి మీద చిన్నగా కొట్టుకునేవారు. రిటైరయ్యాక అదే రకం ట్రక్కును వేలంలో కొని, పాపన్నపేట దగ్గర సొంతూళ్లో పెట్టుకున్నారు. కోతలప్పుడు వడ్ల బస్తాలు కొనుగోలు కేంద్రానికి తోలేవారు. వానాకాలంలో వాగు పొంగి ఊరికి దారి తెగితే మనుషుల్ని దాటించేవారు. కాన్పు నొప్పుల మనిషిని, జ్వరం పిల్లల్ని, ఒకసారి పెళ్లికొడుకును కూడా దాటించారట. వాగు ఎంత వచ్చినా మిలిటరీ బండి ఉందని ఊరంతా ధైర్యంగా ఉండేదని కవిత చెప్పింది.

మధ్యాహ్నం కవిత జొన్నరొట్టె, కోడికూర పెట్టింది. బస్టాండు దగ్గర మెస్సులున్నాయి, భోజనం బాగానే ఉంటుందని విన్నాను గానీ, ఇంత ప్రేమగా వడ్డిస్తే కాదనడం నా వల్ల కాదు. అప్పుడే ఆమె భర్త శ్రీను రైస్ మిల్లు నుంచి అన్నానికి వచ్చాడు. నలభై దాటని మనిషి, జుట్టంతా వడ్ల దుమ్ము. నాకు నమస్తే పెట్టి, తండ్రి కుర్చీకి దూరంగా గడప పక్కన కూర్చుని తలొంచుకుని తిన్నాడు. తండ్రీకొడుకులు ఒక్క మాట కూడా అనుకోలేదు. యాదయ్య గారి గొంతులో అప్పటిదాకా ఉన్న హుషారు ఒక్కసారిగా పోయింది.

"బండి మోసం చెయ్యది బిడ్డా" అన్నారు నాతో, చూపు మాత్రం కొడుకు మీద ఉంచి. "చేస్తే మనిషే చేస్తడు. వీడున్నడు చూడు. లారీ డ్రైవర్. నేనే నేర్పిన. నీళ్లల్ల గేరు మార్చొద్దు, రేజ్ మీద కాలు తియ్యొద్దని చిన్నప్పటి సంది చెప్పిన. మా లచ్చికి పాము కరిచినప్పుడు వాగుల గేరు మార్చిండు. నేను వెనక లచ్చిని ఒళ్లె పండవెట్టుకొని కూసున్న. గేరు కొరికిన సప్పుడు నా చెవులతోని విన్న. గాడనే ఆగింది బండి. నడుమ వాగుల ఆగింది. అవతలి ఒడ్డుకు అంబులెన్స్ నిలవడి ఉన్నది, లైటు తిరుగుతున్నది, నాకు కనవడ్తున్నది. మంచుల ఆగని బండిని వీడు..."

"మామా, చాయ్ పెట్టుమంటరా?" అని కవిత అడ్డం వచ్చింది.

శ్రీను చేయి కడుక్కుని లేచి, నా ముందు నిలబడి, "నిజమే అక్కా, మార్చిన" అని మెల్లగా అని మిల్లుకు వెళ్లిపోయాడు.

వంటింట్లోకి వెళ్లి కవితను అడిగితే మిగతాది చెప్పింది. అంతకుముందు ఏడాది వానాకాలం. శ్రీను నాట్లకని ఊరికి వెళ్లాడు. తెల్లారి అత్త లచ్చమ్మ మోటారు వేయడానికి స్టార్టరు డబ్బా తెరిస్తే అందులో ఉన్న పాము కరిచింది. వాగు పొంగి దారి మునిగిపోయింది. అందరూ కలిసి ఆమెను ట్రక్కులో పడుకోబెట్టారు, శ్రీను స్టీరింగు పట్టుకున్నాడు. బండి వాగు నడుమ ఆగిపోయింది. మనిషిని భుజాన మోసుకుని దాటగలిగే ప్రవాహం కాదు. ఊళ్లోంచి ట్రాక్టర్లు తెచ్చి, తాళ్లు కట్టి బండిని లాగేసరికి ఆలస్యమైంది. మెదక్ దవాఖానకు చేరేలోపే లచ్చమ్మ పోయింది. తర్వాత యాదయ్య గారు లారీ అడ్డాకు వెళ్లి, నీళ్లల్ల గేరు మార్చి తల్లిని చంపుకున్నాడని అందరి ముందూ చెప్పారట. ఆ తర్వాత శ్రీనుకు ఎవరూ లారీ ఇవ్వలేదు. అతనూ అడగలేదు. మిల్లులో వడ్లు తూకం వేసే పనికి కుదురుకున్నాడు. యాదయ్య గారిని ఊళ్లో ఒంటరిగా ఉంచలేక మెదక్ తెచ్చుకుంటే, బండి లేకుండా రానన్నారట, దాన్నీ ట్రాక్టరుతో లాగించి ఈ ప్లాటులో పెట్టారు. "మామ మాట్లాడడు. ఈయన మాట్లాడియ్యడు. ఇద్దరి నడుమ నేనున్న అక్కా" అని కవిత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మళ్లీ అరుగు మీదికి వచ్చాక యాదయ్య గారు నన్ను దగ్గరికి పిలిచారు. "నువ్వు రాస్తవంట గద బిడ్డా. రాయి. బండి తప్పు లేదని రాయి. నడిపినోడి తప్పని రాయి. వాడు నా కొడుకే అయినా రాయి" అన్నారు. అలాగే అన్నాను. పెద్దాయన పక్షమే న్యాయం అనిపించింది నాకు. జీవితమంతా ఒక్కసారి కూడా బండిని ఆపని మనిషికి, అవసరమైన ఆ ఒక్క రోజు కొడుకు చేతిలో బండి ఆగిపోవడం ఎంత దారుణం!

నాలుగింటికే బయల్దేరాలనుకున్నాను. కవిత చాయ్ తాగి వెళ్లమంది. కార్తీకంలో పొద్దు తొందరగా వాలుతుంది కదా, చాయ్ అయ్యేసరికి ఎండ పలచబడింది. యాదయ్య గారు ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచారు. లోపలికి వెళ్లి పాత ఖాకీ స్వెట్టరు, కోతిటోపీ వేసుకుని వచ్చారు. నాకు చెమట పడుతోంది, దోమలు కుడుతున్నాయి. ఆయన మాత్రం అరచేతులు రుద్దుకుంటున్నారు. నన్ను చూసి, "మేమ్ సాబ్, బయట నిలవడొద్దు. రాత్రికి మంచు మస్తు పడ్తది" అన్నారు. ఇంతసేపు నాతో మాట్లాడిన మనిషి నన్ను గుర్తుపట్టలేదు.

"పొద్దంత మంచిగనే ఉంటడు అక్కా. పొద్దు గూకినంక లేహ్‌ల ఉంటడు" అంది కవిత నా చెవిలో.

ఆయన బకెట్టూ పానా తీసుకుని ట్రక్కు దగ్గరికి నడిచారు. కింద గోనెసంచి పరుచుకుని, ఆ వయసులో అవలీలగా వంగి, రేడియేటర్ అడుగున ఉన్న బిరడా విప్పారు. నీళ్లు ధారగా బకెట్లో పడ్డాయి. ఆఖరి చుక్క పడేదాకా చెయ్యి కింద పెట్టి చూశారు. బిరడాను స్వెట్టరుకు తుడిచి, చిన్న బట్టలో చుట్టి టూల్ డబ్బాలో పెట్టారు. తర్వాత పైకెక్కి, జేబులోంచి ఎర్ర గుడ్డ తీసి స్టీరింగ్‌కు రెండు ముళ్లు వేసి కట్టారు. దిగి, ముక్కు మీద చేత్తో తట్టి, "పండుకో ఇగ" అన్నారు. తృప్తిగా ఇంట్లోకి వెళ్లిపోయారు.

నేను ప్లాటులో నిలబడిపోయాను. నాకు అర్థమవుతోంది, అర్థం కావద్దనిపిస్తోంది. మిల్లు నుంచి తిరిగొచ్చిన శ్రీను సైకిలు గోడకు ఆనించి వచ్చాడు. తండ్రి లోపలికి వెళ్లాడా అని ఒకసారి చూసుకుని, టూల్ డబ్బాలోంచి బిరడా తీసి బిగించాడు. బకెట్టు ఎత్తి నీళ్లన్నీ తిరిగి రేడియేటర్లో పోశాడు. పైకెక్కి ఎర్ర గుడ్డ విప్పి, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. పొద్దున్నే తండ్రి నిద్ర లేవకముందు దాన్ని ఆయన చొక్కా జేబులో పెడతాడట.

"రోజూనా?" అని అడిగాను.

"రోజూనే అక్కా."

"ఇంజన్ నడవదు కదా. నీళ్లెందుకు పోయడం?"

అతను బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. "మొదట్ల ఒకనాడు పొయ్యలే. బాపు దించబోతే చుక్క నీళ్లు రాకపాయె. పరేషాన్ అయిండు. నీళ్లు ఎవడు దించిండు, ఎప్పుడు దించిండు అని ఒకటే అడుగుడు. అడిగి అడిగి గా రోజు దాక పోయిండు అక్కా. గా రోజు బండిల నీళ్లున్నయారా అన్నడు. ఉన్నయి బాపు, నిండుగున్నయి అన్న. గప్పటి సంది పోస్తున్న."

నిజానికి పాము కరిచిన ఆ రోజు బండిలో నీళ్లు లేవు. ముందు రోజు సాయంత్రం యాదయ్య గారు దించేశారు. ఆయన మతి తప్పుతోందని అప్పటికింకా ఎవరికీ తెలియదు, బండి దగ్గర ఏదో సదురుకుంటున్నాడనుకున్నారు. వేడి చూపించే ముల్లు ఎప్పుడో పాడైంది. నీళ్లు లేని ఇంజనుతోనే ట్రక్కు ఊరు దాటి, పొలాలు దాటి, వాగుదాకా వచ్చింది. నీళ్లలోకి దిగేసరికి గుంజడం తగ్గింది. శ్రీను గేరు మార్చాడు. అప్పటికే కాలిపోతున్న ఇంజను పట్టేసి ఆగిపోయింది. నాలుగు రోజుల తర్వాత మెకానిక్ వచ్చి విప్పితే లోపలంతా మాడిపోయి ఉంది. బిరడా కోసం వెతికితే టూల్ డబ్బాలో బట్టలో చుట్టి దొరికింది.

"గట్ల చుట్టి పెట్టేటోడు మా ఇంట్ల ఒక్కడే అక్కా. మెకానిక్‌కు చేతులు మొక్కిన, ఎవరికీ చెప్పొద్దని."

నాకు వెంటనే గుర్తొచ్చింది, అడగకుండా ఉండలేకపోయాను. "మరి గుడ్డ? ఆ రోజు గుడ్డ కట్టలేదా?"

"కట్టిండు. బాపు మర్చిపోతడా? స్టీరింగ్‌కే ఉండె. నేను చిన్నప్పటి సంది విన్న ముచ్చటే, గుడ్డ ఉంటే నీళ్లు లేవని. గా తొందరల యాదికి రాలే. అమ్మ వెనక ఒర్రుతున్నది. అద్దం మీద మస్తు వాన. గా గుడ్డ విప్పి అద్దం తుడుసుకున్న అక్కా." రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. నాకూ ఏడుపు ఆగలేదు.

కొంచెం తేరుకున్నాక, "ఆయనకు చెప్పరాదా? ఊరంతా మిమ్మల్ని అంటోంది" అన్నాను.

"చెప్తె ఏమైతది? మర్చిపోతే మంచిదే. మర్చిపోకపోతే? పొద్దుగాల లేచినప్పటి సంది లచ్చిని నేనే చంపుకున్న అనుకుంటడు. నన్నంటే నేను పడ్త. ఆయన పడలేడు. నా బండి ఆగలే, నా బండి ఆగలే అనుకుంటనే బతుకుతుండు." లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "ఆయన చెప్పినట్టే రాయుండ్రి అక్కా. గేరు మార్చిండు అని రాయుండ్రి. అబద్ధమైతే కాదు గద."

మెదక్ నుంచి చీకటి పడ్డాక హైదరాబాద్ బస్సులు తక్కువ. శ్రీనే నన్ను సైకిలు మీద మెయిన్ రోడ్డుదాకా తెచ్చి ఆటో ఎక్కించాడు. బస్సు దొరికింది, కిటికీ పక్క సీటు కూడా దొరికింది. ఇంటికొచ్చి ఈ టపా మూడు నాలుగుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. యాదయ్య గారు చెప్పినట్టు రాయడానికి చెయ్యి రాలేదు. శ్రీను చెప్పింది రాస్తే, అది తిరిగి తిరిగి ఆ అరుగు మీదికి చేరుతుందని భయమేసింది. అందుకే ఇన్ని నెలలు ఊరుకున్నాను.

ఈ ఏడు వానలు మొదలయ్యే ముందు శ్రీను ఫోన్ చేశాడు. బాపు పోయిండు అక్కా అన్నాడు. ఓదార్పు మాటలేవో చెప్పబోతుంటే ఆపాడు. "పోయేటందుకు ముందురోజు మంచిగ యాది మీద ఉండె. నన్ను దగ్గరికి పిలిచిండు. ఇన్నొద్దులకు పిలిచిండు అక్కా. నెత్తి మీద చెయ్యి వెట్టి, నీళ్లల్ల గేరు మార్చినవ్, ఇగ పోనీ తియ్యి బిడ్డా, మాఫ్ చేసిన అన్నడు."

"నువ్వేమన్నావు తమ్ముడూ?" అన్నాను.

"కాళ్లు మొక్కిన. ఇంకేమంట?" అన్నాడు. "గా గుడ్డకు కూడ కలిపి మాఫ్ చేసిండనుకున్న అక్కా. ఇప్పుడు రాయుండ్రి. బండి తప్పు లేదని రాయుండ్రి. మా బాపు తప్పు లేదని కూడ రాయుండ్రి."

అందుకే రాస్తున్నాను. అతను అడిగినట్టే అందరి పేర్లూ మార్చాను. ఆర్మీ ట్రక్కు ఎందుకంత నమ్మకమైనదో తెలుసుకుందామని వెళ్లాను. తెలిసింది. అలసిపోయి గుడారంలో పడుకోబోయే మనిషి, ఆ చలిలో మళ్లీ లేచి వెళ్లి నీళ్లు దించి గుడ్డ కడితేనే మర్నాడు అది కదిలేది. యాదయ్య గారు ఆ పని ఒక్క రోజు కూడా మానలేదు, మతి పోయాక కూడా మానలేదు. వందల మందిని దాటించిన ఆ చెయ్యే లచ్చమ్మను దాటనివ్వలేదంటే, దీన్ని ఎవరి మీద వేయాలో నాకు తోచడం లేదు. చేయని తప్పుకు క్షమ దొరికితే ఒక మనిషి అంత తేలికపడతాడని కూడా అప్పటిదాకా నాకు తెలియదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను.

మెదక్ వెళ్లండి. చర్చి చూడండి, ఖిల్లా ఎక్కండి, వానాకాలమైతే వాగు దారులు ఎలా ఉన్నాయో బస్టాండులోనే కనుక్కుని కదలండి. ఇక అన్ని ప్రయాణాలకూ ఒకే ఒక్క సూచన. ఇంట్లోదైనా, ఊళ్లోదైనా, చాలా రోజులుగా నిలిపి ఉంచిన పాత బండి తీయాల్సి వస్తే, సెల్ఫ్ కొట్టే ముందు రేడియేటర్ మూత విప్పి నీళ్లు చూడండి. స్టీరింగ్‌కు ఏదైనా కట్టి ఉంటే ఎందుకు కట్టారో అడిగి విప్పండి. వెనక మనవాళ్లు నొప్పితో కేకలు పెడుతున్నా సరే, ఆ ఒక్క నిమిషం ఆగి చూడండి.